నల్ల ట్యూబు ఇంట్లో పెట్టి రా

చి. అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పెన్న ఒడ్డు బొమ్మ చూశాను. రంగనాయకుల గాలిగోపురం గీత ఎక్కడా తప్పలేదు. నీడలే బొగ్గు పూసినట్టున్నాయి. తప్పు నీది కాదులే. నీడంటే నల్ల పెన్సిల్ అని చిన్నప్పుడు నీకు నేర్పింది ఈ డ్రాయింగ్ మాస్టారే.

ఫోన్లో ఫ్రాన్స్ చిత్రకారుడు పిస్సారో వేసిన ‘తెలిమంచు’ (ఇంగ్లీషులో Hoarfrost) తీసి చూడు. 1873లో వేశాడు, ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. ఎన్నరీ అనే పల్లె, దుక్కి చాళ్ల మీద పేరుకున్న మంచు, కట్టెలమోపు వీపున వేసుకుని పోతున్న ముసలాయన. చాళ్లకు అడ్డంగా పొడుగాటి నీడలు. ఆ నీడలు పడే చెట్లు మాత్రం బొమ్మలో ఎక్కడా లేవు! మరుసటేడు ఎగ్జిబిషన్‌లో పెడితే, మురికి కాన్వాసు మీద రంగులు కలిపే పాలెట్ గీకి పూశాడని ఒక విమర్శకుడు వెక్కిరించాడు. నువ్వు ఆ నీడల్నే చూడు. నలుపు కోసం వెతుకు, దొరకదు.

పిస్సారో మంచి గురువు కూడా. తనకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడైన సెజాన్ అనే చిత్రకారుడు, ఈయన వేసిన లూవ్సియెన్ ఊరి బొమ్మ అరువు తెచ్చుకుని, చూసి మళ్లీ వేశాడు. నువ్వూ అట్లా ఒకసారి ‘తెలిమంచు’ వెయ్యి, చెయ్యి తిరగడానికి. అంతేగాని ఆ రంగుల్ని పెన్న ఇసకలోకి మొయ్యబాక. మనకు మంచెక్కడిది? పొద్దున ఆరున్నరకు ఇసక ఎండ పడినచోట పసుపు తిరిగి ఉంటుంది, నీడపడినచోట ఆకాశం రంగు దిగుతుంది. కళ్లు సగం మూసి చూస్తే తెలుస్తుంది. అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా, అదే ఆ ఎర్రమట్టి రంగు, కలిపి చూడు. నీలం ఎక్కువైతే తెల్లవారి నీడ, సియెన్నా ఎక్కువైతే రేవులో తడి మట్టి.

ఆకాశం పూర్తిచేసి, తర్వాత నీళ్లు, ఆ తర్వాత ఇసక అని వరసగా పోబాక. అన్నిచోట్లా కొంచెం కొంచెం వేస్తా రా. పిస్సారో కుర్రవాళ్లకు చెప్పిందీ అదే. గంట కాగానే ఆపెయ్. ఎండ మారాక వేసిన రంగు ముందు వేసినదాన్ని చెడగొడుతుంది. మిగతాది మర్నాడు అదే వేళకు పోయి వేసుకో. బొమ్మ నిలబెట్టే ఈజిల్ కాలికి ఇటికరాయి కట్టు, ఏటి గాలికి పడిందంటే తడి ఆయిల్ రంగు నిండా ఇసకే.

ఆదివారం నేనూ వస్తాను. నీ పెట్టెలో నల్ల ట్యూబు కనబడిందా, నా సంచిలో వేసుకుపోతా. కాఫీ ఫ్లాస్కు మరవబాక.

మీ మామయ్య