సా మిల్లు పెట్టాలంటే మెషిన్ కంటే ముందు అడవి హద్దు ఎంత దూరమో చూసుకోండి

మీరు అడిగింది, గోకవరం వైపు సొంత స్థలంలో సా మిల్లు, పక్కనే చిన్న కలప అడితి పెట్టాలనుకుంటున్నాం, లైసెన్స్ ఎవరిస్తారు, నాన్నగారి పొలంలో ఉన్న టేకు అందులోనే కోయించుకోవచ్చా అని. మాది రాజమండ్రి పక్కనేనండి, మా నాన్నగారి కాలం నుంచి అడితి ఉంది, తర్వాత పాత మిల్లు ఒకటి కొని లైసెన్స్ నా పేరుకి మార్పించుకున్నాను, అందుకని ఈ దారి నాకు తెలుసు, కొంచెం పెద్దగానే రాస్తాను.

అన్నిటికంటే ముందు చెప్పేది, దుంగలు కోసే బ్యాండ్ సా రంపానికి అడ్వాన్స్ ఇవ్వకండి, షెడ్డు వెయ్యకండి. మా బంధువుల అబ్బాయి ఒకడు "లైసెన్స్ నేను చూసుకుంటా" అన్న మధ్యవర్తి మాట నమ్మి లోన్ మీద ట్రాలీతో సహా మెషిన్ దింపేశాడు, ఫైలు స్థలం దగ్గరే ఆగిపోయింది, మెషిన్ టార్పాలిన్ కింద ఉంది, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాల్సిందే. వాణ్ణి చూసినప్పుడల్లా బాధేస్తుంది, అందుకే ఎవరు అడిగినా మొదట ఇదే చెప్తాను.

స్థలం ఎందుకు అంత ముఖ్యం అంటే, సా మిల్లు మామూలు చిన్న ఇండస్ట్రీలా లోకల్‌గా అప్లై చేస్తే వచ్చేసే పర్మిషన్ కాదు. తమిళనాడు గూడలూరు అడవుల నరికివేత మీద గోదావర్మన్ అనే ఆయన 1995లో సుప్రీంకోర్టులో కేసు వేశారు, అందులో 1996 డిసెంబర్ 12న వచ్చిన ఆర్డర్‌తో దేశం మొత్తం కలప వ్యాపారం మారిపోయింది. 2002లో అయితే సుప్రీంకోర్టే వేసిన, ఢిల్లీలో ఉన్న సెంట్రల్ ఎంపవర్డ్ కమిటీ ముందస్తు అనుమతి లేకుండా ఏ రాష్ట్రమూ కొత్త సా మిల్లు, ప్లైవుడ్, వినీర్ (పల్చటి చెక్క రేకులు) యూనిట్ ఓపెన్ చేయించకూడదు అన్నారు. 2015 అక్టోబర్ ఆర్డర్ తర్వాత ఆ అధికారం రాష్ట్రాల్లో ఉండే స్టేట్ లెవెల్ కమిటీకి వచ్చింది, కేంద్రం 2016 నవంబర్‌లో గైడ్‌లైన్స్ ఇచ్చింది. ఆ కమిటీకి చైర్మన్ రాష్ట్రం పీసీసీఎఫ్ గారే, అంటే అటవీ శాఖలో పెద్ద అధికారి. వాళ్ళు చూసేది మీ ఒక్కరి అప్లికేషన్ కాదు, రాష్ట్రంలో ఏటా ఎంత కలప దొరుకుతోంది, ఇప్పుడున్న మిల్లులు ఎంత కోస్తున్నాయి, ఇంకో మిల్లుకి చోటు ఉందా లేదా అని. అందుకని మీ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా కొత్త లైసెన్స్ రాకపోవచ్చు, ఇది చాలామందికి చివర్లో గానీ తెలీదు.

ఆ గైడ్‌లైన్స్‌లోనే ఇంకోటి ఉంది, నోటిఫై చేసిన అడవి హద్దుకి 10 కిలోమీటర్ల లోపల కొత్త కలప యూనిట్‌కి లైసెన్స్ ఇవ్వకూడదు, ఇండస్ట్రియల్ ఎస్టేట్ లాంటి చోట్లకి మినహాయింపు ఉంది. గోకవరం అంటే రంపచోడవరం ఏజెన్సీకి గుమ్మం లాంటిది, ఆ చుట్టుపక్కల ఊళ్ళు చాలావరకు ఈ లెక్కలోనే పోతాయి. మెయిన్ రోడ్డు మీద 14 కిలోమీటర్లు వస్తుంది కదా అని లెక్కేసుకోకండి, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి సర్వే నంబరు పట్టుకెళ్ళి మ్యాప్ మీద హద్దు నుంచి నేరుగా ఎంతో చూపించమనండి, వీలైతే రాసి ఇవ్వమనండి. ఇక స్థలం ఏజెన్సీ గ్రామం కిందకి వస్తే 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులు అక్కడ భూమి కొనడమే కుదరదు, లీజు అగ్రిమెంట్ల మీద మిల్లు కట్టే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

ఈ రూల్స్ మీద మా వ్యాపారంలో చాలామందికి కోపం ఉంది, నాకు లేదు. అడవి అంచునే రంపం ఉంటే రాత్రికి రాత్రి దుంగ పలకైపోతుంది, పలకైపోయాక అది ఎక్కడి చెట్టో ఎవరూ చెప్పలేరు. దొంగ సరుకు చౌకగా మార్కెట్‌లోకి దిగితే పర్మిట్ కట్టి తెచ్చుకున్న మనలాంటోడే ముందు మునిగేది.

సరే మరి దారేంటి అంటే మూడు కనిపిస్తున్నాయి నాకు. ఒకటి, నేను చేసినట్టు లైసెన్స్ ఉండి నడవని పాత మిల్లు తీసుకోవడం. రాజమండ్రి లాంటి టౌన్లలో పిల్లలు వేరే పనుల్లోకి పోయి మూతపడినవి ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. కానీ సేల్ డీడ్ రాసుకున్నంత మాత్రాన లైసెన్స్ మన పేరుకి రాదు, డీఎఫ్ఓ (డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్) గారి ఆర్డర్‌తో పేరు మారాలి, అప్పటిదాకా రంపం తిప్పకూడదు. ఇంకో చోటికి మార్చుకోవాలంటే అది మళ్ళీ వేరే పర్మిషన్, ఈ దూరం గొడవ అక్కడా వస్తుంది. కొనే ముందు చూసుకోవాల్సినవి, రెన్యువల్స్ ఎక్కడా తెగకుండా ఉన్నాయా, మిల్లు మీద ఫారెస్ట్ కేసు ఏదైనా పెండింగ్ ఉందా, లైసెన్స్‌లో రాసిన బ్యాండ్ సాలు, రీసాలు (కోసిన పలకల్ని మళ్ళీ కోసే రంపాలు) ఎన్నో షెడ్డులో ఉన్నవి ఎన్నో. కాగితం మీద ఒక బ్యాండ్ సా ఉండి లోపల రెండు తిరుగుతుంటే ఆ రెండోదానికి జవాబు చెప్పాల్సింది రేపు మీరే. మేము కొన్నప్పుడు పాత ఓనర్‌ని కూడా వెంట తీసుకెళ్ళి రేంజ్ ఆఫీసులో రిజిస్టర్ చూసుకునే అడ్వాన్స్ ఇచ్చాం, ఆయన రానంటే ఆ బేరం వదిలేసేవాళ్ళం.

రెండోది, మిల్లు పక్కన పెట్టి అడితి మాత్రమే పెట్టుకోవడం. దీనికి 1989 నాటి కలప డిపో (అడితి) రూల్స్ ఉన్నాయి, పర్మిషన్ డీఎఫ్ఓ ఆఫీసు నుంచే, కానీ సా మిల్లు అంత బరువైన ఫైలు కాదు. స్థలం కాగితాలు, ప్లాన్, పంచాయతీ ఎన్ఓసీ, జీఎస్టీ, మన దుంగల మీద కొట్టుకునే ప్రాపర్టీ మార్కు ఏంటో ఇవ్వాలి, రేంజర్ గారు వచ్చి స్థలం చూసి రిపోర్ట్ రాస్తారు. మిల్లు అయితే వీటితో పాటు పొల్యూషన్ బోర్డు కన్సెంట్, కరెంట్ లోడు శాంక్షన్ కూడా ఉంటాయి.

మూడోది చాలామంది పట్టించుకోనిది. దుంగలు తేకుండా, బ్యాండ్ సా లేకుండా, కోసిన సైజులు, ప్లైవుడ్ బిల్లుతో కొని గుమ్మాలు, కిటికీలు, ఫర్నిచర్ చేసే వర్క్‌షాప్‌కి 2016 గైడ్‌లైన్స్ ప్రకారం ఈ లైసెన్స్ అక్కర్లేదు. చిన్న సర్క్యులర్ రంపానికి ఒప్పుకుంటారు, దాని సైజుకి పరిమితి ఉంది, కొనే ముందు అడిగి తీసుకోండి. మీ స్థలం నిజంగా 10 కిలోమీటర్ల లోపలే ఉంటే నా సలహా ఇదే, చేతిలో మంచి వడ్రంగి ఉంటే కోత కూలీ కంటే దీంట్లోనే ఎక్కువ మిగులుతుంది.

లైసెన్స్ వచ్చాక అసలు పని రిజిస్టర్. వచ్చిన ప్రతి దుంగ ఏ పర్మిట్ మీద వచ్చిందో, ఎంత కోశారో, ఎంత అమ్మారో, ఎంత మిగిలిందో ఆ రోజే రాయాలి, ఆదివారం కూర్చుని వారానికి సరిపడా రాద్దాం అంటే తప్పులు వచ్చేస్తాయి. కొలత దగ్గర కూడా జాగ్రత్త, మనం సీఎఫ్‌టీలో, అంటే ఘనపుటడుగుల్లో మాట్లాడుకుంటాం, ఆఫీసు లెక్క క్యూబిక్ మీటర్లు, 1 క్యూబిక్ మీటర్ అంటే 35.3 సీఎఫ్‌టీ. దుంగని చుట్టుకొలతలో నాలుగో వంతు పట్టి లెక్కేస్తాం కదా, 120 సెంటీమీటర్ల చుట్టు, 3 మీటర్ల పొడుగు ఉంటే 0.3 ఇంటూ 0.3 ఇంటూ 3, అంటే 0.27 క్యూబిక్ మీటర్, దాదాపు తొమ్మిదిన్నర సీఎఫ్‌టీ. అసలు గుండ్రం లెక్కలో అదే దుంగ 0.34 వస్తుంది, ఈ పద్ధతిలో అయిదో వంతుకి పైగా తగ్గుతుంది. మీరొక పద్ధతి, పర్మిట్‌లో ఇంకో పద్ధతి అయితే స్టాక్ ఎక్కువైనట్టు కనబడుతుంది, ఎక్కువ స్టాక్ అంటే తనిఖీకి వచ్చినవాళ్ళకి దొంగ స్టాకే. పొట్టుకి, బద్దలకి ఎంత పోయిందో కూడా రాయండి, తెచ్చిన దుంగంతా సైజులుగా అమ్మినట్టు రాస్తే ఎవరూ నమ్మరు.

ఇంకోటి, జీఎస్టీ ఈ-వే బిల్లు ఉంది కదా అని లారీ కదిలించొద్దు, కలప రవాణాకి ఫారెస్ట్ వాళ్ళిచ్చే ట్రాన్సిట్ పర్మిట్ వేరు. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటి తోట కలపకి ట్రాన్సిట్ పర్మిట్ మినహాయింపు ఉంది గానీ టేకు ఆ కోవలోకి రాదు. ఎర్రచందనం, గంధం అయితే వాటికి రూల్సే వేరు, ఎవరు ఏ ఆశ చూపించినా అడితిలోకి రానివ్వకండి.

ఇక మీ నాన్నగారి టేకు సంగతి. దానికి మీకు మిల్లూ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. సొంత పట్టా భూమిలో చెట్టయినా కొట్టే ముందు వాల్టా చట్టం (నీరు, నేల, చెట్ల రక్షణ చట్టం) కింద పర్మిషన్ తీసుకోవాలి, పట్టాదారు పాస్‌బుక్, అడంగల్, చెట్ల లిస్టు పెట్టండి, ఫారెస్ట్ వాళ్ళు వచ్చి చెట్లు చూసి లెక్క రాసుకుంటారు. కొట్టాక దుంగలు కొలిచి మార్కు వేసి ట్రాన్సిట్ పర్మిట్ ఇస్తారు, 2023 డిసెంబర్ నుంచి దేశం మొత్తానికి నేషనల్ ట్రాన్సిట్ పాస్ సిస్టమ్ అని ఆన్‌లైన్ కూడా వచ్చింది. పర్మిట్‌లో బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎప్పటివరకు అని ఉంటుంది, బండి దారిలో పాడైతే వెంటనే ఫోన్ చేసి చెప్పండి, గడువు దాటాక చెక్‌పోస్ట్‌లో చెప్తే వినరు. ఆ పర్మిట్‌తో దగ్గర్లో లైసెన్స్ ఉన్న ఏ మిల్లులో అయినా కోత కూలీ ఇచ్చి కోయించుకోవచ్చు, పర్మిట్ కాపీ, కోత బిల్లు రెండూ ఆ కలప వాడుకోవడం అయ్యేదాకా దాచుకోండి.