‘ఆమె’ అని నేను రాసిన చోట

చిన్నా,

నువ్వు పుస్తకం రాస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దేని గురించి అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "మగవాళ్లు మగవాళ్లనీ, ఆడవాళ్లు ఆడవాళ్లనీ ఇష్టపడిన బొమ్మలూ కవితలూ సినిమాలూ ఉంటాయట కదక్కా, వాటి చరిత్రట" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. ఆ రెండూ కలిసి నిద్ర పట్టనివ్వలేదు, అందుకే అర్ధరాత్రి లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేదీలు రెండు చోట్ల సరిచూసుకో. బొమ్మలకి అనుమతులు ముందే తీసుకో. ఏది ఎక్కడ చూశావో ఆ రోజే రాసి పెట్టుకో. అచ్చుకి ముందు ఒక వకీలుకి చూపించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను చెప్పాలనుకున్నది మాటల గురించి. ముప్పై ఏళ్లు అనువాదాలు చేసినదాన్ని, నాకు తెలిసిన పని అదొక్కటే.

పేపర్లు వాడే ‘స్వలింగ సంపర్కం’ అనే మాటని నీ పుస్తకంలోకి అలవాటుగా రానివ్వకు. అది మంచం దాకా వెళ్లి ఆగిపోయే మాట. నువ్వు రాయబోయే వాటిలో సగానికి పైగా మంచం దాకా రానే రావు. చూపు ఉంటుంది, ఎదురుచూపు ఉంటుంది, ఒక భుజం మీద పడిన వెలుతురు ఉంటుంది. ఒకే లింగం వాళ్ల మధ్య ఆకర్షణని చూపే కళని ‘హోమోఎరోటిక్’ అంటారు, ఆ మాట అలాగే తెలుగు అక్షరాల్లో రాసినా ఫరవాలేదు, కానీ దాని పక్కన ‘శృంగారం’ అనే మన మాటని ధైర్యంగా పెట్టు. అలంకార శాస్త్రంలో శృంగారమంటే సంభోగమూ ఉంది, అంటే కలిసి ఉండటం; విప్రలంభమూ ఉంది, అంటే ఎడబాటు. ఈ కళలో నేను చూసినంత వరకూ విప్రలంభమే ఎక్కువ.

చైనాలో హాన్ వంశపు చక్రవర్తి ఆయ్ కథ నీకు తెలుసుంటుంది. అతని ప్రియుడు దోంగ్ షియాన్ ఒకసారి అతని అంగీ చెయ్యి మీద తల పెట్టి నిద్రపోయాడట. లేపడం ఇష్టం లేక చక్రవర్తి ఆ అంగీ చెయ్యిని కత్తిరించేసి లేచి వెళ్లాడట. రెండు వేల ఏళ్లుగా చైనా భాషలో ‘కోసిన అంగీ చెయ్యి’ అంటే ఈ ప్రేమే. అందులో సంపర్కం ఎక్కడుంది చెప్పు? నిద్ర చెడగొట్టకూడదనే ప్రేమ ఉంది.

అలాగే ఇవాళ్టి పేర్లు నిన్నటి మనుషులకి తగిలించకు. ‘హోమోసెక్సువల్’ అనే మాట అచ్చులో కనపడిందే 1869లో, జర్మన్ భాషలో. జపాన్‌లో సైకాకు అనే రచయిత 1687లో మగవాళ్ల ప్రేమ మీద నలభై కథల పుస్తకం వేశాడు. ఆయన కాలానికి దానికి ‘నన్షోకు’ అని వేరే పేరుంది, వేరే మర్యాదలున్నాయి. వాళ్ల మాట వాళ్లకి ఉంచి, పక్కన నీ వివరణ రాయి.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

నాకు ఇరవై ఆరేళ్లప్పుడు ఒక పత్రిక మైకెలాంజెలో మీద వ్యాసం అడిగింది. శిల్పాల గురించి అందరూ రాస్తున్నారు, నేను ఆయన కవితల గురించి రాస్తానన్నాను. ఆయన మూడొందల దాకా కవితలు రాశాడు. 1532లో రోమ్‌లో తొమ్మాసో దె కవలియెరి అనే యువకుడు పరిచయమయ్యాడు. అప్పటికి మైకెలాంజెలోకి యాభై ఏడేళ్లు. ఆ కుర్రాడి కోసం కవితలు రాశాడు, గద్ద ఎత్తుకుపోతున్న గ్రీకు పురాణపు అందగాడు గనిమీడ్ బొమ్మ గీసి కానుకగా పంపాడు. ఒక కవితలో ‘ఆయుధం పట్టిన ఆశ్వికుడికి బందీని’ అంటాడు. ఇటాలియన్‌లో ఆశ్వికుణ్ని కవలియెర్ అంటారు కాబట్టి ప్రియుడి పేరు అందులోనే దాగి ఉంది. 1564లో మైకెలాంజెలో చనిపోయేటప్పుడు ఆ కవలియెరి మంచం పక్కనే ఉన్నాడు.

నా ముందున్న ఇంగ్లీషు పుస్తకంలో ఇదంతా స్పష్టంగా ఉంది. అయిదు కవితలు ఎంచుకున్నాను. మొదటిదాంట్లోనే కలం ఆగిపోయింది. మన క్రియ సంగతి నీకు తెలుసు కదా. నవ్వాడు అనాలి, లేకపోతే నవ్వింది అనాలి. తప్పించుకోవడానికి లేదు. ఒక్క ‘డు’ రాస్తే చాలు, నిజం రాసినట్టే. ఆ ఒక్క అక్షరం రాయడానికి నాకు భయమేసింది. ఎడిటర్ తిప్పి పంపేస్తాడేమో, ఇంట్లోవాళ్లు చదివితే ఏమనుకుంటారో, పెళ్లికాని పిల్లకి ఇలాంటివి ఎందుకంటారేమో అని గంటసేపు టెన్షన్ పడ్డాను. చివరికి ‘నవ్వింది’ అని రాశాను.

ఒకసారి ఆమె అని రాశాక మిగతావన్నీ ఆమె వెంట వచ్చేశాయి. మూలంలో లేని కురులు నేనే పెంచాను. ముఖం చంద్రబింబమైంది. ఆశ్వికుడున్న చోట ‘నీ చూపుల సంకెళ్లు’ అని రాశాను. అది అందంగా ఉందని నాకే ముచ్చటేసింది కూడా. వ్యాసం అచ్చయింది. చాలామంది మెచ్చుకున్నారు.

మూడు వారాల తర్వాత ఒక పాఠకుడి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. చిన్న చిన్న అక్షరాలు, కార్డు అంచుల దాకా నింపాడు. ఈ కవితలు ఒక మగవాడి కోసం రాసినవని ఎక్కడో చదివాను, మీ వ్యాసంలో మాత్రం స్త్రీ ఉంది, ఏది నిజం, నాకు తెలుసుకోవడం చాలా అవసరం అని అడిగాడు. ‘చాలా’ కింద గీత గీశాడు.

నేనేం రాశానో తెలుసా? అవన్నీ కొందరి ఊహలని, మహానుభావుల స్నేహాలని అలా చూడకూడదని రాశాను. తెలిసి తెలిసి అబద్ధం రాశాను. పైగా అది హుందాగా ఉందనుకున్నాను. అతను మళ్లీ రాయలేదు. కార్డు పోయింది, చిరునామా పోయింది. ఆ గీత మాత్రం ఇప్పటికీ కళ్ల ముందుంది. తనలాంటి మనిషి ఇంకొకడు ఈ లోకంలో ఎప్పుడైనా ఉన్నాడా అని అడిగితే, ఎవరూ లేరని జవాబిచ్చినట్టయింది నాన్నా.

ఆ తర్వాత కొన్నేళ్లకి ఆ కవితలు అచ్చయిన కథ చదివాను. 1623లో వాటిని మొదట పుస్తకంగా వేసింది మైకెలాంజెలో తమ్ముడి మనవడు. అతని పేరూ మైకెలాంజెలోనే. మగవాణ్ని ఉద్దేశించిన చోటల్లా ఆడమనిషిని పెట్టాడు. ఆశ్వికుణ్నీ తీసేశాడు. 1863లో గ్వాస్తీ అనే పండితుడు చేతిరాత ప్రతులు చూసి అసలు పాఠం అచ్చువేసే దాకా, అంటే 240 ఏళ్లు, లోకం ఆ ‘ఆమె’నే చదివింది. 1878లో సైమండ్స్ అనే ఇంగ్లీషు రచయిత దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇంతమంది కష్టపడి సరిదిద్దినదాన్ని నేను మళ్లీ చెడగొట్టాను. ఆ మనవడు దుర్మార్గుడని నేననుకోను. తాత పరువు కాపాడాలనుకున్నాడు. నా పరువు నేను కాపాడుకున్నాను. ఈ చరిత్రలో నీకు తగలబోయేవాళ్లలో పోలీసులకంటే ఇలాంటి మర్యాదస్తులే ఎక్కువ. వాళ్ల పనిని ఓపిగ్గా పట్టుకో.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. మన భాషలో నేను, నువ్వు అనే మాటలకి ఆడా మగా తేడా లేదు. వచ్చాను, వచ్చావు అంటే ఎవరైనా కావచ్చు. హిందీలో అలా కుదరదు. ఆ కవితల్లో చాలావరకు ‘నువ్వు’ అని పిలిచేవే. వాటిని ఉన్నవున్నట్టు తెలుగులో పెట్టి ఊరుకుంటే సరిపోయేది, కురులు తగిలించాల్సిన పనే లేదు. పర్షియన్ గజళ్ల దగ్గర నీకు దీనికి తలకిందులైన చిక్కు వస్తుంది. ఆ భాషలో అతనికీ ఆమెకీ ఒకటే మాట. సుల్తాన్ మహమూద్, అతను ప్రేమించిన బానిస అయాజ్‌ల లాంటి పేర్లున్న చోట సందేహం లేదు. పేరు లేని చోట మాత్రం నువ్వు తీర్పు చెప్పకు. ‘నవ్వే ముఖం’, ‘నా ప్రాణం’ అంటూ క్రియని దాటుకుని వెళ్లు. మూలం చెప్పిన చోట ‘డు’ రాయి, చెప్పని చోట ఆగు. నీకు ఇష్టం కదా అని ప్రతి ఇద్దరు స్నేహితులనీ ప్రేమికుల్ని చేశావంటే, నేను చేసిన పనే అటువైపు నుంచి చేసినట్టు.

నువ్వు కోప్పడతావని తెలిసినా ఇంకోటి చెబుతాను. అందం చూసి అన్యాయం మర్చిపోకు. బ్రిటిష్ మ్యూజియంలో వారెన్ కప్ అని ఒక వెండి పాత్ర ఉంది. రోమన్ కాలానిదని మ్యూజియం చెబుతోంది, దాని కాలం మీద కొందరు పండితులకి అనుమానాలున్నాయి, అదీ రాయి. రెండు వైపులా మగవాళ్ల జంటలే. 1953లో అమెరికా కస్టమ్స్ వాళ్లు దాన్ని దేశంలోకి రానివ్వలేదు. 1999లో మ్యూజియం 18 లక్షల పౌండ్లు పెట్టి కొన్నది. అందరూ ఈ కథే చెబుతారు. నువ్వు తలుపు సందులోంచి తొంగి చూస్తున్న బానిసని కూడా చూడు. రోమ్‌లో బానిసకి వద్దనే హక్కు లేదు. గ్రీకు కుండల మీద గడ్డం ఉన్న పెద్దవాళ్లూ, గడ్డం రాని పిల్లలూ కనిపిస్తారు. వయసు సంగతి దాచి దాన్ని ఆదర్శ ప్రేమ అని రాస్తే నేను ఒప్పుకోను. అలాంటి బొమ్మలు అచ్చువేయకు. జరిగింది జరిగినట్టు మాటల్లో చెప్పు.

నా అసలు భయం మాత్రం మంటల గురించి. బెర్లిన్‌లో మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ అనే డాక్టరు 1919లో లైంగికత మీద ఒక పరిశోధన సంస్థ పెట్టాడు. పుస్తకాలూ ఫొటోలూ పోగుచేశాడు. 1933 మే 6న నాజీలు దాని మీద పడి, మే 10న ఆ పుస్తకాలు బహిరంగంగా కాల్చేశారు. అదే 1919లో ఆయన సాయంతో ఇద్దరు మగవాళ్ల ప్రేమ మీద ఒక మూకీ సినిమా వచ్చింది. ఏడాది తిరగ్గానే నిషేధించారు. ఇప్పుడు ముక్కలే మిగిలాయి. నేను ఆ ముక్కలు చూశాను. బొమ్మ తెగిపోయి మధ్యలో అక్షరాలు మాత్రమే వస్తుంటే ఏడుపొచ్చింది.

ఇంగ్లండులో ఆన్ లిస్టర్ అనే ఆవిడ తన ప్రేమల గురించి సంకేత లిపిలో డైరీలు రాసుకుంది. 1840లో పోయింది. 1890ల్లో ఆవిడ ఇంటికి అప్పటి యజమాని జాన్ లిస్టరూ, అతని స్నేహితుడూ కలిసి ఆ లిపిని విప్పారు. చదివాక స్నేహితుడు కాల్చేయమన్నాడు. జాన్ కాల్చలేదు. గోడకి బిగించిన చెక్క పలకల వెనక దాచాడు. అతను ఆ రోజు స్నేహితుడి మాట వినుంటే 2019లో ఆవిడ మీద టీవీ సీరియల్ ఎక్కణ్నుంచి వచ్చేది? నువ్వేమో ఫొటోలన్నీ ఫోన్‌లో తీసి అందులోనే వదిలేస్తావు! ఎన్నిసార్లు చెప్పాను? ఈ రోజే మూడు చోట్ల కాపీలు పెట్టు. ఒకటి నాకు పంపు. నా బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది.

ఆడవాళ్ల గురించి ఒక అధ్యాయం రాసి చేతులు దులుపుకోకు. దొరికేవి తక్కువ కాబట్టి ఎక్కువ వెతకాలి. ప్రాచీన గ్రీకు కవయిత్రి శాఫో కవితల ముక్కలు కొన్ని 1896 తర్వాత ఈజిప్టులో ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో తవ్వితే బయటపడ్డాయి. ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ 1942లో ‘లిహాఫ్’ (దుప్పటి) కథ రాస్తే అశ్లీలమని లాహోర్ కోర్టుకి ఈడ్చారు. అందులో అశ్లీలమైన మాట ఏదో సాక్షులు చూపించలేకపోయారు. ఒక చిన్నపిల్ల గోడ మీద దుప్పటి నీడ చూస్తుంది, అంతే రాసింది చుగ్తాయ్. ఆ నీడకే భయపడ్డారు. 1998లో ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ మీద తీసిన ‘ఫైర్’ సినిమా ఆడుతున్న హాళ్ల మీద పడినప్పుడు నాకు ఆ నీడే గుర్తొచ్చింది.

హాలీవుడ్ గురించి ఎక్కువ చెప్పను, నువ్వే నాకు చెప్పాలి. 1934 నుంచి హేస్ కోడ్ అనే సినిమా నియమావళి కత్తెర పట్టుకుంటే రచయితలు చూపుల్లోనూ సంభాషణల మధ్య మౌనాల్లోనూ దాచారు. 1951లో మొదలైన ‘ఫిజిక్ పిక్టోరియల్’ వ్యాయామం పత్రికలా కనపడేది. ఎవరికి కావాలో వాళ్లకి అర్థమయ్యేది. ‘టోమ్ ఆఫ్ ఫిన్లాండ్’ అనే పేరున్న చిత్రకారుడి బొమ్మలు 1957లో అందులోనే వచ్చాయి. 2014లో వాళ్ల దేశమే అతని బొమ్మలతో తపాలా బిళ్లలు వేసింది. మన చిత్రకారుడు భూపేన్ ఖక్కర్‌కి మాత్రం ఎక్కువ పేజీలివ్వు. 1981లో గీసిన ‘యూ కాంట్ ప్లీజ్ ఆల్’లో బాల్కనీలో బట్టలు లేకుండా నిలబడి వీధిలోకి చూస్తున్న మనిషి తనేనని చెప్పుకున్నాడు. నాకు ఒక ‘డు’ రాయడానికి లేని ధైర్యం ఆయనకి అంత పెద్ద కాన్వాసంతా ఉంది.

పుస్తకం వచ్చాక తిట్లు వస్తాయి. రాత్రిపూట చదవకు. నిద్ర పట్టకపోతే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

ఇది నీ కథ కూడానా అని మీ అమ్మ నన్ను అడిగింది. వాణ్నే అడుగు, లేదా వాడు చెప్పే దాకా ఆగు అన్నాను. నేను అడగను. నువ్వు చెప్పినా చెప్పకపోయినా నా దగ్గర నీ చోటు నీదే.

ఆ పాత పత్రిక ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. అయిదు కవితల్లోనూ ‘ఆమె’ ఉన్న చోటల్లా ఎర్ర సిరాతో దిద్దాను. కురులు కొట్టేశాను, ఆశ్వికుణ్ని మళ్లీ కూర్చోబెట్టాను. నీ పుస్తకంలో 1623 గురించి రాసే చోట దీన్నీ వెయ్యి. అచ్చయిన పాఠం, దిద్దిన పాఠం పక్కపక్కన పెట్టు. కింద నా పేరు పూర్తిగా రాయి. ఆ కార్డు రాసినతను ఎక్కడైనా ఉండి చదువుతాడేమో.

నీ
పెద్దమ్మ