కొర్రమీను కడుపు గురించి రాసేటప్పుడు

అమ్మా,

నీ వ్యాసం చదివాను. కొర్రమీను జీర్ణనాళాన్ని మైక్రోస్కోప్ కింద చూసి తెలుగులో రాయాలనుకున్నావు, సంతోషం. కానీ మొదటి పేజీ అంతా ‘చేపలు వెన్నెముక గల జీవులు’ దగ్గరే తిరిగింది. అది తీసెయ్. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప, మృగశిర నాడు చేప మందు క్యూలో నిలబడ్డవాళ్లందరికీ తెలిసిందే. నేరుగా లోపలికి వెళ్లిపో.

నాళం గోడలోని నాలుగు పొరలకీ తలా ఒక పేరా, పంక్తిలో వడ్డించినట్టు పంచావు. పరీక్షలో మార్కులు పడతాయేమో గానీ చదివేవాడికి ఆకలి తీరదు. అసలు విషయం ఆహారవాహిక వెళ్లి జీర్ణాశయంలో కలిసే చోట ఉంది. కొర్రమీను నమలదు, చిన్న చేపనో కప్పనో పట్టి మింగేస్తుంది. చేపలకి లాలాజల గ్రంథులు కూడా లేవు. మరి ముళ్లూ పొలుసులూ గీసుకోకుండా ఎలా దిగుతాయి? ఆహారవాహిక లోపలి పొర నిండా జిగురు కణాలుంటాయి. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేస్తే అవి వెలిసిపోయిన బుడగల్లా కనిపిస్తాయి. స్లైడ్‌ని కాస్త జరిపితే ఆ బుడగలు ఆగిపోయి, పొడవాటి స్తంభాకార కణాలు వరస కడతాయి. వాటి కింద జఠర గ్రంథులు, అంటే జీర్ణాశయపు రసాలు ఊరే గ్రంథులు, మొదలు. ఈ మార్పుని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నేనైతే సగం పేజీ ఇచ్చేవాణ్ణి.

గ్రంథుల దగ్గర ‘ఆమ్లం స్పష్టంగా కనిపించింది’ అన్నావు. స్లైడ్‌లో ఆమ్లం ఎక్కడ కనిపిస్తుందమ్మా? కనిపించేది ఇయోసిన్ పట్టిన గులాబీ రంగు కణాలే. మన కడుపులో ఆమ్లానికి ఒక రకం కణం, మాంసకృత్తుల్ని అరిగించే పెప్సిన్‌కి ముందు రూపమైన పెప్సినోజెన్‌కి ఇంకో రకం ఉంటాయి. చేపలో రెండు పనులూ ఒకే కణం చేస్తుంది. ఇది ఇతరుల పరిశోధన వల్ల మనకి తెలిసింది. చూసింది చూసినట్టు రాయి, చదివింది చదివినట్టు రాయి, రెండూ కలపకు.

పోలిక పెట్టాలంటే బొచ్చె చేపని తీసుకో. దానికి జీర్ణాశయమే లేదు, జఠర గ్రంథులూ లేవు. పేగు మాత్రం ఒంటి పొడవుకి ఎన్నో రెట్లు. కొర్రమీను పేగు ఒంటికన్నా పొట్టి. కొర్రమీనులో జీర్ణాశయం, పేగు కలిసే చోట రెండు చిన్న సంచులుంటాయి, వాటి లోపలి పొర పేగుకి దగ్గరగా ఉంటుంది. వాటి గురించి నాలుగు ముక్కలు చాలు.

చివరగా మూడో ఫొటో. పైపొర ఊడి పక్కకి లేచిపోయింది చూడు, దాన్ని చేప లక్షణంగా వర్ణించావు. చేప చచ్చాక, ముక్క చెడిపోకుండా కాపాడే ఫార్మలిన్‌లో వేయడం ఆలస్యమైతే పేగు తనని తానే అరిగించుకుంటుంది, అలాగే ఊడుతుంది. బతికున్న చేపని తెచ్చి, కోసిన వెంటనే ముక్క ఫార్మలిన్‌లో వేసి మళ్లీ స్లైడ్ చెయ్యి. ఫొటో మూల కొలత గీత కూడా పెట్టి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు