కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా?

కనీస వేతనం పెంచితే చిన్న సంస్థలు మనుషుల్ని తగ్గించుకుంటాయి, చివరికి నష్టపోయేది కార్మికులే కదా అని అడిగారు. ఇరవై మందికి పైగా పనిచేసే ఒక ప్యాకింగ్ యూనిట్లో కొన్నేళ్లు జీతాల లెక్కలు రాశాను కాబట్టి చెబుతున్నాను.

పెంపు ఉత్తర్వు వచ్చిన రోజు మా యజమాని కాల్క్యులేటర్ నా ముందుకు తోసి, "ఇద్దరిని తగ్గిస్తే ఎంత మిగులుతుందో చూడు" అన్నారు. లెక్క వేసి ఇచ్చాను. అయినా ఎవరినీ తీసేయలేదు. ఇద్దరు తగ్గితే సరుకు వేళకు బయటికి వెళ్లదు మరి.

కోత పడింది ఓవర్‌టైం మీద. అదనపు గంటలతోనే ఇల్లు గడుపుకునే ఒకాయనకు గంట రేటు పెరిగినా నెలాఖరు జీతం దాదాపు అంతే వచ్చింది. ఇంకొకరు మానేస్తే ఆ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. హాజరు పట్టీలో ఎవరి పేరూ కొట్టేయలేదు గానీ, రావలసిన పేరు ఒకటి రాలేదు.

అయితే పని మానేసేవాళ్లు బాగా తగ్గారు. అంతకుముందు నెల తిరిగేసరికి ఎవరో ఒకరు వెళ్లిపోయేవారు. కొత్తవారికి పని నేర్పే రోజులు, ఈలోగా పాడయ్యే సరుకు, వీటికి మా ఖాతాల్లో పద్దే లేదు. అందుకే ఆ ఖర్చు తగ్గినా యజమాని గమనించలేదు, నేనూ ఆలస్యంగానే గమనించాను.

అసలు గొడవ సీనియర్లతో వచ్చింది. పదేళ్లుగా ఉన్నావిడ జీతమూ నిన్న చేరిన కుర్రాడి జీతమూ ఇంచుమించు ఒకటయ్యాయి. "వాడికి చట్టం పెంచింది, నాకెవరు పెంచుతారు?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలకు ఆమెకూ పెంచక తప్పలేదు. ఉత్తర్వులో లేని ఈ ఖర్చే యజమానిని ఎక్కువ బాధపెట్టింది.

1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ గంటకు 4.25 డాలర్లున్న కనీస వేతనాన్ని 5.05 డాలర్లు చేసింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పోల్చి చూస్తే న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన దాఖలా కనిపించలేదు. ధరలు మాత్రం కొంత పెరిగాయి. ఆ లెక్కలు సరికావని వాదించిన ఆర్థికవేత్తలూ ఉన్నారు, ఆ వాదన ఏళ్ల తరబడి సాగింది.

నా అనుభవానికి సరిపోయే వివరణ ఒకటుంది. కార్మికుడు సులువుగా పని మారలేని చోట అతని శ్రమ తెచ్చే రాబడి కన్నా జీతం తక్కువగా ఉంటుంది. పెంపు ఆ తేడాలోంచి వస్తే ఉద్యోగం నిలుస్తుంది, దాన్ని దాటితే నిలవదు. 2025 నాటికి అమెరికా అంతటా కనీస వేతనాన్ని గంటకు 15 డాలర్లు చేయాలన్న ప్రతిపాదనపై అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2021లో వేసిన అంచనాలో రెండూ ఉన్నాయి: 14 లక్షల ఉద్యోగాలు తగ్గుతాయి, 9 లక్షల మంది పేదరికం నుంచి బయటపడతారు.

రెండేళ్లకు మాకు మరో పెంపు వచ్చింది. ఈసారి యజమాని పెట్టెలకు టేపు అంటించే యంత్రం ధర కనుక్కోమన్నారు. కొన్నారు కూడా. అది వేతనం పెరగడం వల్లనో, అప్పటికే ఆర్డర్లు పెరగడం వల్లనో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.