బావిలో నేర్చుకున్న ఈతతో కాలేజీ స్విమ్మింగ్ టీంలో చేరొచ్చా?

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ: మీది పాకాల దగ్గర పల్లె, ఈత నేర్చుకున్నది మామిడితోట బావిలో, ఇప్పుడు తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరం. టీం సెలెక్షన్‌కి పోవచ్చా, పోతే సీజనంతా ఎట్లా ఉంటుంది, చదువు దెబ్బతింటుందా అని.

పో. నేనూ అట్లా పోయినవాణ్ణే. మాది పలమనేరు వైపు. మా నాయన నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి బావిలోకి దింపినప్పుడు నాకు ఏడేళ్ళు. పదిహేనేళ్ళు వచ్చేసరికి గట్టు మీది చింతకొమ్మ ఎక్కి దూకేవాణ్ణి. 2013లో తిరుపతిలో డిగ్రీలో చేరాక ఆటలు చూసుకునే పీడీ సార్ క్లాసుకొచ్చి "ఈతొచ్చినవాళ్ళు ఎవరప్పా?" అనగానే అందరికంటే ముందు చెయ్యెత్తాను. మరుసటి పొద్దున పూల్‌లో 50 మీటర్లు, అంటే అటొకసారి ఇటొకసారి, కొట్టి గోడ పట్టుకుని ఆయాసపడుతున్నాను. పక్క లేన్‌లో ఏడో తరగతి చదివే పాప నేను ఊపిరి తిప్పుకునేలోపు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి, నావైపు జాలిగా చూసి మళ్ళీ బయలుదేరింది.

బావి ఈతను తక్కువ చేయడం లేదు. నీళ్ళంటే భయం లేకపోవడం చాలా పెద్ద సంగతి. కానీ బావిలో మనం నేర్చుకునేది మునిగిపోకుండా ఉండడం. తల పైకెత్తి, ఎదుటి మెట్టు ఎక్కడుందో చూసుకుంటూ కొడతాం. తల లేస్తే నడుము దిగుతుంది, వెనకే కాళ్ళు దిగుతాయి, ఒళ్ళంతా నీళ్ళకు అడ్డం పడుతుంది. అప్పుడు ఎంత బలంగా కొడితే అంత తొందరగా అలిసిపోతాం, అంతే. మా కోచ్ మొదటి నెల నాకు ఈత నేర్పలేదు, తల దించుకోవడం నేర్పించారు. గోడను చూడొద్దు, పూల్ అడుగున ఉన్న నల్ల గీతను చూడు. ఊపిరికి తల ఎత్తొద్దు, పక్కకు తిప్పు. ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ గాలి వదులుతూనే ఉండు. చెప్పడానికి మూడు మాటలు. నాకు పట్టింది ఐదు వారాలు.

ఇంకో రెండు సంగతులున్నాయి, వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. బావిలో మనం నిలువుగా దూకుతాం, అడుగు ఎక్కడో ఉంటుంది కాబట్టి సరిపోతుంది. పోటీలో దూకడానికి ఎక్కి నిలబడే దిమ్మె, అంటే స్టార్టింగ్ బ్లాకు, ముందు పూల్ లోతు కనీసం 1.35 మీటర్లు ఉండాలని రూల్. అంటే నీ ఛాతీ వరకు కూడా ఉండొచ్చు, అంతే. అందులోకి బావి దూకుడు దూకితే తల నేలకు తగులుతుంది. నేను చేతులు చాచి ఉన్నాను కాబట్టి గడ్డం గీసుకుపోవడంతో బయటపడ్డాను. మెడ విరిగినవాళ్ళున్నారు. వాలుగా, నీటి పైపొర చీల్చుకుంటూ పోయేలా దూకడం కోచ్ నేర్పేదాకా బ్లాకు ఎక్కొద్దు.

రెండోది మునక పందెం. ఎవరు ఎక్కువసేపు నీళ్ళలో ఉంటారని మనమంతా ఆడినవాళ్ళమే. మునిగే ముందు గబగబా నాలుగైదు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే ఎక్కువసేపు ఉండగలమని మనకు తెలుసు. ఎందుకు ఉండగలమో మాత్రం తెలీదు. అట్లా పీలిస్తే ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. గాలి కావాలని ఒంటికి చెప్పేదే అది. ఆ హెచ్చరిక రాకుండానే ఆక్సిజన్ అయిపోయి, నీళ్ళలోనే స్పృహ తప్పుతుంది. బాగా ఈతొచ్చినవాళ్ళే ఇట్లా పోతుంటారు. టీంలో ఎవరైనా ఈ పందెం వేస్తే నువ్వు దిగొద్దు.

ఇక రోజూ జరిగేది. మేం పొద్దున ఐదున్నరకు నీళ్ళలో ఉండేవాళ్ళం. అంటే బైరాగిపట్టెడ హాస్టల్ రూములో నాలుగున్నరకు అలారం, చీకట్లో సైకిలు. ఏడున్నరకు మామూలు జనం బ్యాచ్ వచ్చేస్తుంది, ఆ తర్వాత లేన్ దొరకదు. రెండు గంటల్లో 3,000 మీటర్లు, 25 మీటర్ల పూల్‌లో అంటే 60 సార్లు అటూ ఇటూ. పెద్ద ఊళ్ళలో క్లబ్బు పిల్లలు దీనికి రెట్టింపు కొడతారు, వాళ్ళతో పోల్చుకుంటే దిగులు తప్ప ఏమీ రాదు.

మొదట వార్మప్, తర్వాత కిక్‌బోర్డు పట్టుకుని కాళ్ళ పని, ఆ తర్వాత అసలు సెట్. మాకు ఎక్కువగా పడింది 100 మీటర్లు పదిసార్లు, రెండు నిమిషాలకొకటి. 1:35లో గోడ తాకితే 25 సెకన్లు రెస్ట్, 1:50లో తాకితే పదే సెకన్లు. మెల్లగా కొట్టినవాడికే రెస్ట్ తక్కువ, ఆ గడియారానికి జాలి లేదు. మొదట్లో నేను మొదటి రెండు వందలూ హీరోలాగా 1:25లో కొట్టి, ఆరో దానికి గోడ పట్టుకుని వేలాడేవాణ్ణి. పదీ ఒకే టైంలో రావాలి అన్నదే ఆ సెట్ ఉద్దేశమని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆదివారం పూల్ సెలవు. మా కోచ్‌కి సెలవు లేదు. శ్రీనివాసమంగాపురం దాటి శ్రీవారి మెట్టు దగ్గర దింపేవారు, 2,388 మెట్లు. అలిపిరి దారిలో మెట్లు 3,550 ఉన్నా మధ్యలో చదును దారి వస్తుంది. శ్రీవారి మెట్టు తక్కువ దూరమే అయినా నిట్టనిలువు, అందుకని ఆయనకు అదే ఇష్టం. ఎక్కడం కాలినడకన, దిగడం బస్సులో. మోకాళ్ళు పాడయ్యేది దిగేటప్పుడే అనేవారు. కప్ప ఈత (బ్రెస్ట్ స్ట్రోక్) కొట్టేవాళ్ళకు మోకాలి లోపలివైపు ముందే నొప్పి ఉంటుంది కదా, నాకు ఆ మాట బాగా నచ్చింది. దర్శనం దొరికిన రోజు దర్శనం, లేకుంటే గొల్లమండపం దగ్గర నిలబడి దండం పెట్టుకుని, ఆకలితో నకనకలాడుతూ కిందికి. ఆకలి సంగతి చెప్పాలి. ఈత మానేశాక కూడా కొన్నాళ్ళు పోలేదది. హాస్టల్ ఇడ్లీలు చాలక, ఇంటి నుంచి తెచ్చిన వేయించిన చెనక్కాయలు, బెల్లం బ్యాగులో పెట్టుకునేవాణ్ణి. నువ్వూ పెట్టుకో, పక్కవాళ్ళకు చెప్పొద్దు.

మనకున్న ఇంకో తలనొప్పి వాన. మన వైపు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో. మా సీజన్ కూడా సరిగ్గా అప్పుడే. పైకప్పు లేని పూల్‌లో ఉరుము వినబడితే అందరూ బయటికి రావాల్సిందే, సెట్ ఎక్కడున్నా సరే. ఒక సంవత్సరం సెలెక్షన్‌కి మూడు వారాల ముందు వాన నీళ్ళకు పూల్ పచ్చగా మారి, శుభ్రం చేయడానికి తొమ్మిది రోజులు మూసేశారు. కోచ్ మమ్మల్ని ఖాళీగా వదల్లేదు. గేటుకి సైకిలు ట్యూబులు కట్టి, నడుము వంచి, గంటసేపు చేతులు లాగించారు. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. తొమ్మిది రోజుల తర్వాత నీళ్ళలోకి దిగితే ఊపిరి అందలేదు కానీ చెయ్యి మాత్రం నీటిని ఇదివరకటికంటే బాగా పట్టుకుంది. ఆ ట్యూబు ఇప్పటికీ నా దగ్గరుంది.

పోటీలు మూడు మెట్లు. ముందు కాలేజీల మధ్య, అక్కడ టైం బాగుంటే యూనివర్సిటీ టీం, ఆ పైన భారత విశ్వవిద్యాలయాల సంఘం కింద జరిగే ఇంటర్ యూనివర్సిటీ. వయసు 17 నుంచి 25 లోపు ఉండాలి. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ మా కాలంలో లేవు, 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయి, అది మీ అదృష్టం.

పోటీకి రెండు వారాల ముందు దూరం సగానికి తగ్గించేస్తారు, వేగం మాత్రం తగ్గించరు. టేపర్ అంటారు. వినడానికి హాయిగా ఉంటుంది కానీ నిజానికి పిచ్చెక్కుతుంది. రోజూ 3,000 కొట్టిన ఒంటికి 1,500 చాలదు, రాత్రి నిద్ర రాదు, మెట్లెక్కితే కాళ్ళు బరువుగా ఉంటాయి, ఉన్నదంతా పోయిందని టెన్షన్. మొదటి ఏడు నేను ఆ టెన్షన్‌లో దొంగచాటుగా సాయంత్రం బ్యాచ్‌లో టికెట్టు కొని ఈత కొట్టాను. పోటీ రోజు చేతులు సీసపు ముద్దల్లా ఉన్నాయి. కోచ్‌కి ఎట్లా తెలిసిందో తెలీదు, "టికెట్టు డబ్బులు దండగ" అన్నారు, అంతే.

ఇంటర్ యూనివర్సిటీకి పక్క రాష్ట్రం పోయినప్పుడు జీవితంలో మొదటిసారి 50 మీటర్ల పూల్ చూశాను. నా 100 మీటర్ల కప్ప ఈత మన పూల్‌లో 1:24. అక్కడ 1:29. నేను మెల్లగా కొట్టలేదు, గోడ దూరమైంది. 25 మీటర్ల పూల్‌లో 100కి మూడు మలుపులు, మూడుసార్లు గోడను తన్ని ముందుకు జారొచ్చు. అక్కడ ఒకటే మలుపు. సగం దూరంలో ప్రతిసారీ నా చెయ్యి అలవాటుగా గోడ కోసం వెతికింది. 2021లో రోమ్‌లో మన దేశపు ఈతగాడు సజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లై 1:56.38లో ఈది నేరుగా టోక్యో ఒలింపిక్స్‌కి పోయాడు, కావాల్సిన టైం 1:56.48. పదోవంతు సెకను! ఆ వార్త చదివినప్పుడు నేను వృథా చేసిన మలుపులన్నీ గుర్తొచ్చాయి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. నలుగురు ఒకరి తర్వాత ఒకరు తలా ఒక రకం ఈత కొట్టే మెడ్లీ రిలేలో వరుస ఇది: వెల్లకిలా కొట్టే బ్యాక్ స్ట్రోక్, కప్ప ఈత, బటర్‌ఫ్లై, ఫ్రీస్టైల్. నాది రెండోది. ముందు వచ్చేవాడు గోడ తాకేదాకా నా పాదం బ్లాకు వదలకూడదు. ఒళ్ళు ముందుకు ఊగొచ్చు, పాదం మాత్రం వదలకూడదు. మా బ్యాక్ స్ట్రోక్ కుర్రాడిది శ్రీకాళహస్తి. గోడకు 5 మీటర్ల ముందు నీళ్ళ మీదుగా కట్టిన జెండాలు దాటాక అతను మూడు బారలు వేసి గోడ తాకుతాడని నాకు లెక్క. వందసార్లు చూశాను, వందసార్లూ మూడే. ఆ రోజు నాలుగు వేశాడు. మూడో బారకు నేను గాల్లో ఉన్నాను.

నలుగురం ఈదాం, నా తర్వాతివాళ్ళు ప్రాణం పెట్టి ఈదారు, బోర్డు మీద మా పేరు ఎదురుగా డిస్‌క్వాలిఫైడ్. బటర్‌ఫ్లై కొట్టిన అన్నకు అది ఆఖరి సంవత్సరం. నన్ను ఒక్క మాట అనలేదు. తిరుగు రైల్లో తన పులిహోర పొట్లం నా చేతిలో పెట్టి పైబెర్త్ ఎక్కి పడుకున్నాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది: మేం ఈ మార్పిడి ప్రాక్టీసు చేసిందంతా పొద్దున్నే, వార్మప్ అవగానే, ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు. అలిసినవాడు గోడకు ఎట్లా వస్తాడో మేమెప్పుడూ చూడలేదు. 100 మీటర్లు ప్రాణం పోయేలా ఈదినవాడి బార పొట్టిగా పడుతుంది, అందుకే నాలుగోది కావాల్సి వచ్చింది. రెండో ఏడు నుంచి రిలే మార్పిడులు సెట్ చివర్లోనే చేశాం, చేతులు లేవనప్పుడు. బారలు లెక్కపెట్టడం మానేసి చేతిని చూడడం నేర్చుకున్నాను. రెండో ఏడూ ఫైనల్‌కి పోలేదులే. కానీ బోర్డు మీద మా టైం పడింది.

చదువు సంగతి: పోటీ రోజులకు ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే హాజరు పోదు) ఇస్తారు, ల్యాబులు మాత్రం మనమే పూడ్చుకోవాలి. నాకు ఒక సెమిస్టరులో ఒక సబ్జెక్టు పోయింది. దానికి కారణం ఈత కాదు, ఈత వంకతో మధ్యాహ్నాలు నిద్రపోవడం. సర్టిఫికెట్ ఒక్కదాని కోసమైతే నాలుగున్నర అలారం నెల కూడా నిలవదు, మా బ్యాచ్‌లో అట్లా వచ్చినవాళ్ళు దసరా సెలవుల తర్వాత కనబడలేదు.

సెలెక్షన్‌కి వదులు నిక్కరు వేసుకుని పోవద్దు, నీళ్ళు నింపుకుని వెనక్కి లాగుతుంది. బిగుతు ట్రంకు, టోపీ, ఓ మోస్తరు గాగుల్స్ చాలు. దిగే ముందు షవర్ కింద తల బాగా తడుపుకో. మంచినీళ్ళు పీల్చుకున్న జుట్టు క్లోరిన్ నీళ్ళను తక్కువ పీలుస్తుంది. కళ్ళు మండేది కూడా ఒట్టి క్లోరిన్ వల్ల కాదు, అది జనం చెమటతో, ఇంకోదానితో కలవడం వల్ల. ఆ ఇంకోదేమిటో నీకు తెలుసు.

ఏ ఈవెంట్ అని అడుగుతారు. ఫ్రీస్టైల్‌కి పెద్ద వరుస ఉంటుంది, చిన్నప్పటి నుంచి కోచింగ్ తీసుకున్న పిల్లలంతా అక్కడే. బావిలో పెరిగిన మనకు కప్ప ఈత కాళ్ళు ముందే ఉంటాయి, అది చెప్పు. మలుపు దగ్గరా చివరా రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి, ఒక్క చెయ్యి ముందు తగిలినా లెక్కలోకి రాదు. ఈ వారమంతా మీ బావి గట్టు రాయి మీదే ప్రాక్టీసు చెయ్యి.