ఒక్కసారి మీ అమ్మాయి స్క్రీన్ చూడండి

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ డిప్లొమా చేసి, పదకొండు నెలలుగా విజయవాడలో ఒక స్ట్రక్చరల్ కన్సల్టెంట్ ఆఫీసులో క్యాడ్ పని (కంప్యూటర్‌లో డ్రాయింగులు గీయడం) చేస్తోంది. ఏం చేస్తావమ్మా అంటే, "ఆర్కిటెక్ట్ పంపిన డ్రాయింగులు, పీడీఎఫ్‌లు మా డ్రాయింగులో రిఫరెన్సుగా పెడతాను" అంటుంది. ఎవరో గీసినవి తెచ్చి పెట్టడం కూడా ఉద్యోగమేనా? మా తోడల్లుడి కొడుకు హైదరాబాద్‌లో బిమ్ (బిల్డింగుని వివరాలతో సహా కంప్యూటర్‌లో 3డీ మోడల్‌గా తయారుచేసే పద్ధతి) కోర్సు చేశాడు. లక్షా పాతిక వేలు కట్టి అమ్మాయినీ అందులో చేర్చాలా, ఈసెట్ రాయించి బీటెక్‌కి పంపాలా? పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, తణుకు

జవాబు: ఈ ప్రశ్న నాకు నెలకి నాలుగైదు సార్లు వస్తుంది. అందుకే ముందు మీ భయం సంగతి మాట్లాడదాం. పెళ్లిలో ఎవరైనా "అమ్మాయి ఏం చేస్తోంది?" అంటే చెప్పడానికి మీ దగ్గర ఒక పేరు లేదు. తోడల్లుడి గారి దగ్గర "బిమ్" అనే పేరుంది. మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. అమ్మాయి పనిలో నాకైతే లోటేమీ కనపడలేదు.

ఆ పని ఎలా ఉంటుందో నేను ఒక ఆఫీసులో దగ్గరుండి చూశాను. ఆర్కిటెక్ట్ దగ్గర్నుంచి ప్లాన్ పీడీఎఫ్‌గా వచ్చింది. మీ అమ్మాయి వయసు పిల్లే, దాన్ని ఆటోక్యాడ్‌లో అటాచ్ చేసి, గీత గీయకముందే ఒక గ్రిడ్ (రెండు కాలమ్ వరసల మధ్య దూరం) కొలిచింది. కాగితం మీద 4500 మిల్లీమీటర్లు అని రాసి ఉంది, కొలిస్తే 4365 వచ్చింది. ఎవరో ప్రింట్ తీసేటప్పుడు పేజీకి సరిపడేలా కుదించేశారు. స్కేల్ కమాండులో రిఫరెన్స్ ఆప్షన్ తీసుకుని, గ్రిడ్ రెండు చివరలూ పట్టుకుని 4500 కొట్టింది. రెండు నిమిషాల పని. అది చూడకుండా దాని మీదే కాలమ్స్ పెట్టుకుంటూ పోతే, ఆరు గ్రిడ్ల బిల్డింగులో చివరి కాలమ్ 810 మిల్లీమీటర్లు పక్కకి వచ్చేది. అంటే రెండడుగులకు పైనే.

అసలు కాపీ చేసుకోకుండా రిఫరెన్సుగా ఎందుకు పెడతారో కూడా వినండి. ఆర్కిటెక్ట్ రాత్రికి రాత్రి గోడ జరిపి కొత్త ఫైలు పంపితే, ఎక్స్‌రెఫ్ (అలా రిఫరెన్సుగా పెట్టిన ఫైలు) రీలోడ్ చేయగానే ఆ మార్పు వీళ్ల డ్రాయింగులో కనిపిస్తుంది. కాపీ చేసుకుని ఉంటే పాత గోడే మిగిలిపోతుంది, సైట్లో తలుపుకి అడ్డంగా కాలమ్ లేస్తుంది. అటాచ్ చేయాలా, ఓవర్‌లే పెట్టాలా అన్నది ఇంకో నిర్ణయం. అటాచ్ చేసినది మన ఫైలుని వాడుకునేవాళ్లకీ వెంటవస్తుంది, ఓవర్‌లే రాదు. పాత్ (రిఫరెన్స్ ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా) రిలేటివ్‌గా పెట్టకుండా, ఈ-ట్రాన్స్‌మిట్ (రిఫరెన్స్ ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా కట్టడం) చేయకుండా ఒక్క ఫైలే మెయిల్ చేస్తే అవతల తెరిచినవాళ్లకి ప్లాన్ ఉండాల్సిన చోట ఫైలు పేరు ఒక్కటే కనిపిస్తుంది. ప్లాట్ల లేఅవుట్ పని వస్తే చిక్కు వేరు. మన పాత ఎఫ్ఎంబీ (సర్వేవాళ్ల భూమి కొలతల పుస్తకం) స్కెచ్‌లలో కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు 66 అడుగులు. అది తెలియనివాళ్లు స్కెచ్ పెడితే సరిహద్దే మారిపోతుంది.

ఇక బిమ్. ఆ పద్ధతి మంచిదే, నాకేమీ అనుమానం లేదు. బ్రిటన్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టులకు 2016 నుంచి తప్పనిసరి చేశారు. నా అనుమానమంతా మూడు నెలల కోర్సుల మీద. నా దగ్గరకు వచ్చే పిల్లల పోర్ట్‌ఫోలియోలు తెరిస్తే అందరిదీ అదే విల్లా, అదే మెట్లు, అదే రెండర్. ఈ ప్లాన్‌లో బీమ్ ఎక్కడ ఆగాలి అని అడిగితే మాట రాదు. "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అంటే ఏమిటో రాతపూర్వకంగా ఇమ్మనండి. చాలాచోట్ల అది ఇంటర్వ్యూకి పంపడం దగ్గరే ఆగిపోతుంది. పైగా రెవిట్ అనే బిమ్ సాఫ్ట్‌వేర్‌లోనూ మొదటి రోజు పని ఆర్కిటెక్ట్ మోడల్నో, క్యాడ్ ఫైల్నో లింక్ చేసుకోవడమే. ఏ ఫైలు తాజాది, ఎవరు ఆమోదించారు, ఎవరు వాడొచ్చు అన్న క్రమశిక్షణ గురించే 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 అనే బిమ్ అంతర్జాతీయ ప్రమాణం చాలా భాగం మాట్లాడుతుంది. మీరు తీసిపారేసిన పని, మీరు లక్షా పాతిక కట్టి నేర్పిద్దామనుకుంటున్న పనికి పునాది.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అడుగుతాను. పదకొండు నెలల్లో ఒక్కసారైనా అమ్మాయి పక్కన కూర్చుని ఆ స్క్రీన్ చూశారా? ఉత్తరంలో తోడల్లుడి కొడుకు కోర్సు పేరు ఉంది, మీ అమ్మాయికి ఏమి ఇష్టమో ఒక్క ముక్క లేదు. కష్టపడి నిలబడుతున్న పిల్ల దగ్గర "ఇదీ ఒక ఉద్యోగమేనా" అనకండి. ఆ మాట పిల్లలకి చాలాకాలం గుర్తుంటుంది.

పోల్చమన్నారు కదా, క్లుప్తంగా చెబుతాను. తనకి చదవాలని ఉంటే ఈసెట్ మంచి దారి, నేరుగా రెండో ఏడాదిలో చేరుతుంది. ఈ అనుభవంతో వెళితే క్లాసులో డిజైన్ పాఠాలు తనకి బాగా ఎక్కుతాయి. చదవాలని లేకపోతే ఇంకో ఏడాది అదే ఆఫీసులో ఉండనివ్వండి. రీఇన్‌ఫోర్స్‌మెంట్ డీటెయిలింగ్ (కాంక్రీటులో ఇనుము ఎలా వేయాలో గీయడం), బార్ బెండింగ్ షెడ్యూల్ (ఆ ఊచల పొడవు, వంపుల పట్టిక) తనకి ఇమ్మని సీనియర్‌ని అడగమనండి. రెవిట్ ఆ తర్వాత సాయంత్రాలు తక్కువ ఖర్చుతో నేర్చుకోవచ్చు. ఇంత పని తెలిసిన అమ్మాయి రోడ్డున పడదు, ధైర్యంగా ఉండండి.

ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి, రిఫరెన్స్ పెట్టడమంటే ఏమిటో చూపించమనండి. కోర్సువాళ్లకి అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే, అది చూసేదాకా కట్టకండి.