ఆకుల కషాయం పోస్తే నీళ్లలో సీసం పోతుందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గ్రీన్ టీ కషాయంతో ఐరన్ నానో పార్టికల్స్ (కంటికి కనపడనంత చిన్న ఇనుము రేణువులు) చేసి నీళ్లలో ఉన్న హెవీ మెటల్స్ (సీసం, ఆర్సెనిక్ లాంటి విషాలు) తీసేస్తున్న వీడియో ఒకటి చూశానండీ. ఐరన్ సాల్ట్ కలిపిన నీళ్లలో టీ పొయ్యగానే మొత్తం నల్లగా అయిపోయింది, "ఇదిగో నానో ఐరన్ రెడీ" అన్నారు. నిజంగా అంత తేలికా? ఇంట్లో చేసుకుని తాగే నీళ్లలో వేసుకోవచ్చా?

జవాబు: రెండోదానికి ముందు చెప్పేస్తా, వద్దండీ, అస్సలు వద్దు. ఇక మొదటి సంగతి. ఈ పద్ధతిలో విషయం లేకపోలేదు, లోహాలు తగ్గడం కూడా నిజమే, కానీ ఆ నలుపు చూపించి ఇదే నానో ఐరన్ అనెయ్యడం మాత్రం తొందరపాటు.

గ్లాసులో ఏం జరుగుతుందో చూద్దాం. ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఐరన్ సాల్ట్ కలిపిన నీళ్లు పసుపు రంగులో ఉంటాయి, అందులో టీ కషాయం పోస్తే క్షణాల్లో నల్లబడిపోతాయి. టీ ఆకులోనే కాదు, యూకలిప్టస్ ఆకులో, దానిమ్మ తొక్కలో కూడా పాలీఫినాల్స్ అనే పదార్థాలు బాగా ఉంటాయి, టానిన్లు వాటిలో ఒక రకం. ఇవి ఇనుము అయాన్లని (నీళ్లలో కరిగి, చార్జ్‌తో ఉన్న ఇనుముని) పట్టుకుంటే చాలు నలుపు వచ్చేస్తుంది, అక్కడ లోహం పుట్టాల్సిన పనేం లేదు. పాతకాలపు నల్ల సిరా తయారయ్యేది కూడా ఇలాగే, టానిన్లున్న కషాయంలో అన్నభేది కలిపి. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటే కదా. కాబట్టి ఆ వీడియోలో మీరు చూసింది నానో ఐరన్ అయినా కావచ్చు, సిరా అయినా కావచ్చు, కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

సిరా అయ్యే అవకాశమే ఎక్కువ అని నా అనుమానం, దానికి కారణం ఉంది. వెండి అయాన్‌కి ఎలక్ట్రాన్ ఇచ్చి లోహంగా మార్చడం ఈజీ, దాని స్టాండర్డ్ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్ తీసుకోవడం ఎంత తేలికో చెప్పే అంకె, ఎక్కువుంటే తేలిక) +0.80 వోల్టులు, అందుకే ఏ ఆకు రసంతో చేసినా వెండి నానో పార్టికల్స్ ఇట్టే వచ్చేస్తాయి. ఇనుముతో అలా కుదరదు. ఫెర్రిక్‌ని (మూడు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుముని) ఫెర్రస్‌గా (రెండే పోయినదిగా) మార్చే మొదటి మెట్టు +0.77 వోల్టులే కాబట్టి పాలీఫినాల్స్ ఆ పని హాయిగా చేసేస్తాయి, కానీ ఫెర్రస్ నుంచి అసలు లోహపు ఇనుముకి వెళ్లే మెట్టు మైనస్ 0.44, అక్కడికొచ్చేసరికి ఆకు రసం చేతులెత్తేస్తుంది. అందుకే ల్యాబుల్లో లోహపు నానో ఐరన్ కావాలంటే సోడియం బోరోహైడ్రైడ్ లాంటి గట్టి కెమికల్ వాడతారు. గ్రీన్ టీతో నానో ఐరన్ చేశామని 2009లో పేపర్ వచ్చాక ఇలాంటివి కుప్పలుతెప్పలుగా వచ్చాయి గానీ, 2014లో ఒక టీమ్ జాగ్రత్తగా పరీక్షిస్తే గ్రీన్ టీతో వచ్చినవి ఇనుము-పాలీఫినాల్ కాంప్లెక్సులని, అంటే లోహం కాకుండా పాలీఫినాల్స్ పట్టుకున్న ఇనుము అయాన్లని తేలింది, పైగా అవి నాచులకీ చిన్న చిన్న నీటి జీవులకీ హాని చేస్తున్నాయని కూడా తేలింది. ఆకుతో చేశాం కాబట్టి సేఫ్ అనుకోవద్దు అనేది అందుకే.

మరి లోహం కాకపోతే పని ఎలా చేస్తుంది అంటారా, చేస్తుంది, ఒక్కో హెవీ మెటల్ దగ్గర ఒక్కోలా. క్రోమియంలో ప్రమాదకరమైన హెక్సావేలెంట్ (ఆరు ఎలక్ట్రాన్లు పోయిన) రూపం ఎలక్ట్రాన్ల కోసం కాచుక్కూచుంటుంది, ఒక్కో క్రోమియంకి మూడు ఎలక్ట్రాన్లు కావాలి, ఒక్కో ఫెర్రస్ ఒకటి ఇస్తుంది, పాలీఫినాల్స్ కూడా ఇస్తాయి, అప్పుడది ట్రైవేలెంట్‌గా (మూడే పోయిన రూపంగా) మారి మామూలు పీహెచ్‌లో (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) హైడ్రాక్సైడ్‌గా అడుగుకి దిగిపోతుంది. ఆర్సెనిక్ కథ వేరు, అది తుప్పులాంటి ఐరన్ ఆక్సైడ్ ఉపరితలానికి గట్టిగా అతుక్కుంటుంది, అడ్సార్ప్షన్ అంటారు. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది, ఆర్సెనేట్ రూపం అయితే బాగా అతుక్కుంటుంది, ఆర్సెనైట్ రూపానికి మాత్రం పీహెచ్ 9 దాటేదాకా దాదాపు చార్జే ఉండదు, అందుకే అంత బాగా అతుక్కోదు, కాబట్టి ముందు దాన్ని ఆక్సిడైజ్ చేసి (ఎలక్ట్రాన్లు తీసేసి) ఆర్సెనేట్‌గా మార్చుకుంటే పని సులువు.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో యూకలిప్టస్ ఆకులతో ఐరన్ నానో పౌడర్ చేశాను సర్. డిస్టిల్డ్ వాటర్‌లో సీసం 99 శాతం పోతోంది, అదే పౌడర్ బోరు నీళ్లలో వేస్తే ఆ శాతం బాగా తగ్గిపోతోంది. తప్పెక్కడ?

జవాబు: తప్పేం లేదమ్మా, నీ పౌడర్ ఇప్పుడు నిజం చెబుతోంది. డిస్టిల్డ్ వాటర్‌లో సీసం ఒక్కటే ఉంటుంది, దానికి పోటీ లేదు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్, సిలికేట్ అన్నీ ఉంటాయి, పైగా సీసం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటాయి, అవన్నీ పౌడర్ మీద అదే చోటు కోసం ఎగబడతాయి. ఆర్సెనిక్ మీద చేసేవాళ్లకైతే ఫాస్ఫేట్ పెద్ద తలనొప్పి, రెండూ ఒకేలాంటి ఆకారంలో ఉండి ఒకే చోట అతుక్కుంటాయి మరి.

ఇంకో మాట, ఆ 99 శాతం దగ్గర కాస్త ఆగు. మొదలుపెట్టింది లీటరుకి 100 మిల్లీగ్రాముల సీసంతో అనుకో, 99 శాతం తీసేశాక కూడా 1 మిల్లీగ్రాము మిగిలింది, అంటే 1000 మైక్రోగ్రాములు. తాగే నీళ్లలో సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. ఇంకా నూరు రెట్లు ఎక్కువే ఉందన్నమాట! ఆర్సెనిక్‌కీ 10, కాడ్మియంకి 3, ఇనార్గానిక్ పాదరసానికి 6. పర్సెంటేజీ గ్రాఫు ఎంత అందంగా ఉన్నా, చివర్లో మిగిలింది ఎన్ని మైక్రోగ్రాములో థీసిస్‌లో రాయకపోతే నేనైతే నమ్మను.

అలాగే బ్లాంకులు (పోల్చి చూడ్డానికి పౌడర్ లేకుండా చేసే ప్రయోగాలు) పెట్టావా? పౌడర్ వెయ్యకుండా అదే పీహెచ్‌లో సీసం నీళ్లు ఒక ఫ్లాస్కు, ఉత్త కషాయం వేసింది ఇంకోటి, ఉత్త ఐరన్ సాల్ట్ వేసింది మరోటి. పీహెచ్ పెరిగితే సీసం దానంతటదే హైడ్రాక్సైడ్‌గా దిగిపోతుంది, ఆ క్రెడిట్ కూడా పౌడర్ ఖాతాలో పడిపోయిన పేపర్లు లేకపోలేదు. పీహెచ్ మరీ తక్కువైతే హైడ్రోజన్ అయాన్లే ఆ చోట్లన్నీ ఆక్రమించేసి సీసాన్ని రానివ్వవు, కాబట్టి పీహెచ్ ఎంతో చెప్పకుండా రిజల్ట్ చెప్తే అర్థమే లేదు. ఆకులు కూడా ఒకే చెట్టువి, ఒకే సీజన్‌లో కోసినవి ఒకేసారి ఎండబెట్టి పెట్టుకో, ముదురాకుకీ లేతాకుకీ పాలీఫినాల్స్ మారిపోతాయి, బ్యాచ్ బ్యాచ్‌కీ తేడా వచ్చేస్తుంది. ఇంకా ట్రీట్ చేసిన నీళ్లలో ఐరన్ ఎంత దిగింది, ఆర్గానిక్ కార్బన్ ఎంత పెరిగింది కొలిచి చూడు, కషాయంలో మిగిలినదంతా బ్యాక్టీరియాకి మేతే.

ప్రశ్న: నీళ్లు కాచి చల్లార్చి తాగితే హెవీ మెటల్స్ పోతాయా?

జవాబు: పోవు. క్రిములు చస్తాయి, నీళ్లు ఆవిరవుతాయి, లోహం అక్కడే ఉండి ఇంకాస్త చిక్కబడుతుంది. ముందు ల్యాబులో టెస్ట్ చేయించండి, ఏ లోహం ఉందో తెలిస్తే తప్ప ఏ ఫిల్టరో తేలదు. ఆర్వో సీసాన్నీ కాడ్మియాన్నీ బాగా ఆపుతుంది గానీ ఆర్సెనైట్ అంత బాగా ఆగదు.

ప్రశ్న: సరే, నానో పౌడర్ లోహాన్ని పట్టుకుంది. మరి ఆ పౌడర్‌ని నీళ్లలోంచి ఎలా తీస్తారు? తీశాక ఏం చేస్తారు?

జవాబు: అడగాల్సిన ప్రశ్న ఇదీ! మామూలు ల్యాబ్ ఫిల్టర్ పేపర్ రంధ్రాలు 10 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటాయి, అంటే 10,000 నానోమీటర్లు. పార్టికల్ 50 నానోమీటర్లు ఉంటే అడ్డేముంది, సీసాన్ని మోసుకుంటూ మరీ అవతలికి వెళ్లిపోతుంది. ముద్దకట్టి గడ్డలైతే వడపోతకి దొరుకుతాయి, కానీ అలా గడ్డకడితే ఉపరితలం తగ్గిపోయి నానో చేసిన ప్రయోజనమే పోతుంది. ఆకు పదార్థాలు పార్టికల్ చుట్టూ పొరలా ఉండి గడ్డకట్టకుండా ఆపుతాయి, మంచిదే, వడకట్టేవాడికే కష్టం.

అందుకని రెండు దారులు. ఒకటి మాగ్నెటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఐరన్ ఆక్సైడ్) రూపంలో చేసి అయస్కాంతంతో లాగెయ్యడం. అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్లు మాగ్నెటైట్ నానో క్రిస్టల్స్‌ని మరీ బలమైన అయస్కాంతం అక్కర్లేకుండానే నీళ్లలోంచి లాగొచ్చని 2006లో చూపించారు, అవి ఆకులతో చేసినవి కావులెండి. రెండోది నానోని విడిగా వదలకుండా ఇసుకకో, బంకమట్టికో, ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి వచ్చే జిగురు) పూసలకో పట్టించి గొట్టంలో నింపి నీళ్లు పారించడం, పనికొచ్చే ఫిల్టర్ అంటూ వస్తే ఈ దారిలోనే వస్తుందని నేననుకుంటున్నా.

వాడేసిన పౌడర్‌లో ఆర్సెనిక్ ఉంటే క్షారంతో, సీసం ఉంటే ఆసిడ్‌తో కడిగి మళ్లీ వాడొచ్చు, కాకపోతే ఆసిడ్ ఐరన్ ఆక్సైడ్‌ని కూడా కొంత కరిగించేస్తుంది కాబట్టి కడిగినప్పుడల్లా పౌడర్ తరుగుతుంది. ఆ కడిగిన నీళ్లలో ఇప్పుడు సీసం మొదటికన్నా చిక్కగా ఉంటుంది, సీసం ఎక్కడికీ మాయం కాదుగా! దాన్నీ, ఇక పనికిరాని పౌడర్‌నీ ప్రమాదకర వ్యర్థంగానే లెక్కేసి, గట్టిపరిచి, అలాంటి వాటికోసం కట్టిన చోటికే పంపాలి, డ్రైనేజీలో పారబోస్తే అది మళ్లీ ఎవరి నీళ్లలోకో చేరుతుంది.